డొంకతిరుగుడు లేని ఇంగ్లీషు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఇంగ్లీషు జాతీయాల గురించీ, ఇంట్లోనూ బజారులోనూ పనికివచ్చే మాటల గురించీ ఉన్నాయి. ఒకే సందేహం పలువురికి కలిగినచోట ఒక ఉత్తరాన్నే తీసుకున్నాను. కొన్నింటికి సమాధానం పొడుగైంది. ఆ సంగతి అంత విపులంగా చెప్పవలసినదే అనిపించింది.

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. నేను రాజాంలో డిగ్రీ పూర్తి చేశాను. ఉద్యోగం ఇంటర్వ్యూ కోసం ఒక చిన్న పుస్తకంలోని రెండు వందల జాతీయాలు కంఠస్థం చేశాను. చదువు మధ్యలో ఒక ఏడాది ఎందుకు ఆగిందని ఇంటర్వ్యూలో అడిగితే, మా తాతగారు పోవడం వల్ల ఇంట్లో ఇబ్బందులు వచ్చాయని చెప్పదలచి ‘మై గ్రాండ్‌ఫాదర్ కిక్డ్ ద బకెట్’ అన్నాను. అడిగినవారు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ మాటకు మరణించడమనే అర్థమే పుస్తకంలో ఉంది. నా తప్పేమిటి?
— ఒక పట్టభద్రురాలు, రాజాం

సమాధానం: అమ్మా, మీరు నేర్చుకున్న అర్థంలో తప్పు లేదు. ఆ మాటను ఎవరు, ఎవరి గురించి, ఎవరి ఎదుట అంటారన్నది ఆ పుస్తకం మీకు చెప్పలేదు. తప్పు అక్కడుంది. మన తెలుగులోనే చూడండి. ఒక మనిషి ఇక లేడని చెప్పడానికి ‘కాలం చేశారు’, ‘పరమపదించారు’, ‘పోయారు’, ‘చనిపోయారు’, ‘చచ్చాడు’, ‘బాల్చీ తన్నేశాడు’ అని ఎన్నో మాటలున్నాయి. వీటన్నింటికీ నిఘంటువులో అర్థం ఒకటే. అయినా మీ తాతగారి సంగతి చెబుతూ ‘బాల్చీ తన్నేశాడు’ అని మీరు ఏ జన్మకూ అనరు. ఇంగ్లీషు ‘కిక్ ద బకెట్’ సరిగ్గా ఆ మెట్టు మీద ఉన్న మాట. మన ‘బాల్చీ తన్నడం’ కూడా అక్కడి నుంచి దిగివచ్చినదేనని నా నమ్మకం. 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ అనే ఆయన లండన్ వీధుల మోటుమాటలను ఏరి ఒక నిఘంటువుగా అచ్చువేస్తే, అందులో ఈ మాట ఉంది. అంటే రెండు వందల ఏళ్ళకు ముందే దాని స్థానం మోటుమాటల వరసలో ఖాయమైపోయింది.

మీరు అనవలసింది ‘మై గ్రాండ్‌ఫాదర్ పాస్డ్ అవే’ అని. ‘డైడ్’ అన్నా మర్యాదకు లోటు లేదు. ‘చచ్చాడు’ అనే మాట మనకు కటువుగా వినిపిస్తుంది కనుక ‘డైడ్’ కూడా కటువేనని చాలామంది అనుకుంటారు. కాని ఇంగ్లీషులో అది పత్రికలవారూ, వైద్యులూ, ఇంటివారూ అందరూ వాడే సాదా మాట.

మీరు కంఠస్థం చేసిన రెండు వందలలో ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ తప్పకుండా ఉండి ఉంటుంది. కుండపోత వాన అని దాని అర్థం. జొనాథన్ స్విఫ్ట్ 1738లో అచ్చు వేయించిన సంభాషణలలో అప్పటి పెద్దమనుషుల నోట ఈ మాట పలికించాడు. గడ్డి కప్పుల మీద పడుకున్న పిల్లులూ కుక్కలూ వానకు జారి కింద పడేవని దీనికి ఒక కథ ప్రచారంలో ఉంది. దానికి ఆధారమేమీ లేదు, నమ్మకండి. ఇవాళ ఇంగ్లీషువారు వాన జోరుగా పడుతుంటే ఎక్కువగా ‘ఇట్స్ పోరింగ్’ అని ఊరుకుంటారు. పిల్లీ కుక్కల మాట మన దేశంలో పాఠ్యపుస్తకాలలో నిలిచినంతగా వాళ్ళ వాడుకలో నిలవలేదు.

అందువల్ల నేను నా విద్యార్థులకు ఎప్పుడూ చెప్పే మాటే మీకూ చెబుతున్నాను: జాతీయాలను చెవి కోసం ఎన్నయినా నేర్చుకోండి, నోటి కోసం కొన్నే ఉంచుకోండి. ఎదుటివారు అన్నప్పుడు మీకు తెలియాలి. మీరు అనవలసి వచ్చినప్పుడు సాదా మాట చాలు. ఒక జాతీయాన్ని కనీసం ముగ్గురు వేర్వేరు మనుషుల నోట వేర్వేరు సందర్భాలలో విన్న తరువాతనే దాన్ని మీ నోటికి ఎక్కించుకోండి. ఇంటర్వ్యూలో మిమ్మల్ని తూచేది జాతీయాల సంఖ్యతో కాదు, అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పగలరా లేదా అన్నదానితో.

ప్రశ్న: శ్రీకాకుళంలో గది అద్దెకు తీసుకుని పోటీ పరీక్షలకు చదువుతున్నాను. ‘పుట్’ అంటే పెట్టడమని చిన్నప్పుడు నేర్చుకున్నాను. ఇప్పుడు చూస్తే ‘పుట్ ఆఫ్’ వాయిదా వేయడం, ‘పుట్ అవుట్’ ఆర్పడం, ‘పుట్ ఆన్’ తొడుక్కోవడం, ‘పుట్ అప్ విత్’ సహించడం. వీటిలో పెట్టడం ఎక్కడుంది? వరసగా బట్టీ పడితే వారం తిరగకుండానే ఒకదాని అర్థం ఇంకోదానికి అతుక్కుపోతోంది. దారి చూపగలరు.
— ఒక పోటీ పరీక్షల అభ్యర్థి, శ్రీకాకుళం

సమాధానం: మీరు అడిగిన ప్రశ్న చాలా మంచిది. దీనికి జవాబు మన ఇంట్లోనే ఉంది. ‘పట్టు’ అనే తెలుగు క్రియను తీసుకోండి. చేత్తో పట్టుకోవడం దాని మొదటి అర్థం. కాని పిల్లవాడికి నిద్ర పట్టింది, ఇనుముకు తుప్పు పట్టింది, ఒంటికి చెమట పట్టింది, ఆమదాలవలస చేరడానికి గంట పట్టింది, పంతులుగారు తప్పు పట్టారు, గోనెలో ఇంకో కుంచం పట్టదు, అతను నన్ను పట్టించుకోలేదు. వీటిలో చేత్తో పట్టుకోవడం ఎక్కడుంది? ఒక విదేశీయుడు తెలుగు నేర్చుకుంటూ ఈ వరసను చూస్తే మీలాగే తల పట్టుకుంటాడు, అందులోనూ మరో ‘పట్టు’ ఉంది. మీరు మాత్రం వీటిలో ఒక్కదాన్నీ బట్టీ పట్టలేదు. అమ్మ నోట, పొలంలో, బడిలో, ఒక్కొక్కటీ దాని సందర్భంతోపాటు మీ చెవిన పడింది. చిన్న క్రియ పెద్ద కుటుంబాన్ని మోయడం అన్ని భాషలకూ ఉన్న గుణమే కనుక, ఇంగ్లీషు మిమ్మల్ని కావాలని కష్టపెడుతోందని అనుకోవద్దు.

ఇక పని సులువయ్యే మార్గం. ‘పుట్’ను పక్కన పెట్టి, దాని వెనుక నిలిచిన చిన్న మాటను చూడండి. ‘అప్’ అంటే పైకి అని చెప్పి వదిలేస్తారు, కాని ఎన్నోచోట్ల దానికి పని పూర్తయిపోవడమనే అర్థం ఉంటుంది. ‘ఈట్’ అంటే తిను, ‘ఈట్ అప్’ అంటే తినేసెయ్. ‘యూజ్’ అంటే వాడు, ‘యూజ్డ్ అప్’ అంటే వాడేశాం, ఇక మిగలలేదు. ‘టేర్’ అంటే చించు, ‘టేర్ అప్’ అంటే చింపేసెయ్. అంటే తెలుగులో ‘వేయు’ అనే సహాయక్రియ చేసే పనినే ఇక్కడ ‘అప్’ చేస్తోంది. మన వైపు పల్లెలలో ‘తినీ’, ‘చెప్పీ’, ‘ఒగ్గీ’ అంటారు కదా, ఆ చివరి దీర్ఘంలో దాగి ఉన్నది కూడా ఆ ‘వేయు’యే. ఇంట్లో ‘బేగి తినీ’ అని విన్న ప్రతిసారీ ‘ఈట్ అప్’ను గుర్తుచేసుకోండి, మరచిపోవడం కష్టమవుతుంది.

‘ఆన్’కు ఆగకుండా సాగడమనే అర్థం తరచుగా వస్తుంది. ‘రీడ్ ఆన్’ అంటే చదువుతూ పో, ‘గో ఆన్’ అంటే కానీ, చెప్తూ ఉండు. ‘ఆఫ్’లో దూరం, తెంపు ఉంటాయి: పనిని ఇవాళ్టి నుంచి దూరంగా జరిపితే ‘పుట్ ఆఫ్’, ఊరి నుంచి బయలుదేరితే ‘సెట్ ఆఫ్’, సంబంధం తెంచుకుంటే ‘బ్రేక్ ఆఫ్’. ‘అవుట్’లో బయటకు చేర్చడంతోపాటు ఇంకేమీ మిగలకుండా పోవడం ఉంది: దీపం ఆరిపోతే ‘గో అవుట్’, మంట ఆర్పితే ‘పుట్ అవుట్’, సరుకు నిండుకుంటే ‘రన్ అవుట్’. అన్నీ ఈ లెక్కకు ఒదుగుతాయని నేను చెప్పను. ‘పుట్ అప్ విత్’ లాంటివి కొన్ని ఏ లెక్కకూ లొంగవు, వాటిని అలాగే తీసుకోవాలి. కాని ఇలా చూస్తే బట్టీ పట్టవలసిన బరువు చాలా తగ్గుతుంది.

గుర్తుంచుకునే పద్ధతి కూడా అడిగారు. హెర్మన్ ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ పండితుడు అర్థంలేని అక్షరాల గుంపులను తానే బట్టీ పట్టి, తానే మరచిపోతూ, ఎంత కాలానికి ఎంత పోయిందో లెక్కగట్టి 1885లో ప్రచురించాడు. నేర్చుకున్నదానిలో ఎక్కువ భాగం మొదటి రోజులోనే జారిపోతుందనీ, ఆ తరువాత జారడం నెమ్మదిస్తుందనీ తేలింది. అందువల్ల ఒకే రోజు యాభైసార్లు చదవడం కన్నా, మరునాడు ఒకసారి, మూడో రోజు ఒకసారి, వారానికి ఒకసారి, నెలకు ఒకసారి తిరగవేయడం మేలు. నేను చదువుకునే రోజుల్లో పాత శుభలేఖలను చీటీలుగా కత్తిరించి, ఖాళీగా ఉన్న వైపున రాసుకునేవాణ్ని. చీటీకి ఒక వైపు ఇంగ్లీషు వాక్యం, రెండో వైపు అదే సంగతి మన ఇంట్లో ఎలా అంటామో ఆ తెలుగు వాక్యం. ఒంటరి మాటను ఎప్పుడూ రాయకండి. ‘పుట్ ఆఫ్ = వాయిదా’ అని రాస్తే అది జారిపోతుంది; ‘వాన వల్ల మా అక్క నిశ్చితార్థం వాయిదా వేశాం’ అని మీ ఇంట్లో నిజంగా జరిగినదాన్ని ఇంగ్లీషులో రాస్తే, ఆ వానతోపాటు మాట కూడా ఉండిపోతుంది. గుర్తున్న చీటీని వెనుక పెట్టెలోకి, మరచిన చీటీని ముందు పెట్టెలోకి వేయండి. ముందు పెట్టెను రోజూ, వెనుక పెట్టెను వారానికొకసారీ తీయండి.

ఎన్ని మాటలు కావాలన్నది మీ ఉత్తరంలో లేకపోయినా చెబుతాను. ఢాకాలో ఉపాధ్యాయుల శిక్షణలో ఏళ్ళ తరబడి పనిచేసిన మైకేల్ వెస్ట్ 1953లో, నేర్చుకునేవారికి అందరికన్నా ముందు అవసరమయ్యే సుమారు 2,000 మాటల పట్టికను ప్రచురించాడు. ‘పుట్’, ‘గెట్’, ‘టేక్’ లాంటి చిన్న మాటలు అందులో ఉన్నాయి. మీరు అరుదైన పెద్ద మాటల వేటలో ఉన్నారని మీ ఉత్తరం చివర రాసిన పట్టిక చూస్తే అర్థమైంది. దాన్ని ఆరు నెలలు పక్కన పెట్టమని నా సలహా.

ప్రశ్న: మాస్టారూ, మా అమ్మాయి పురుడు పోయడానికి అమెరికా వెళ్తున్నాను. ఆరు నెలలు ఉండాలి. పదో తరగతి వరకు చదువుకున్నాను, ఇంగ్లీషు చదివితే కొంత అర్థమవుతుంది, మాట్లాడడం రాదు. అల్లుడుగారూ అమ్మాయీ లేనప్పుడు కొట్టుకు వెళ్ళినా, ఎవరైనా పలకరించినా ఇబ్బంది పడకుండా ఏ మాటలు నేర్చుకోవాలి?
— ఒక గృహిణి, కంటోన్మెంట్, విజయనగరం

సమాధానం: అమ్మా, మీకు వచ్చిన ఇంగ్లీషు తక్కువేమీ కాదు. మీరు చేయవలసింది కొత్త మాటలు నేర్చుకోవడం కన్నా, మనం ఇంగ్లీషనుకుంటున్న కొన్ని మాటలు అక్కడ చెల్లవని తెలుసుకోవడం. మన వంకాయకు బడిలో ‘బ్రింజాల్’ అని చెప్పారు. అది మన దేశపు ఇంగ్లీషు. అమెరికా కొట్టులో ‘ఎగ్‌ప్లాంట్’ అనాలి. బెండకాయను ‘లేడీస్ ఫింగర్’ అంటే తెల్లబోతారు, అక్కడ అది ‘ఓక్రా’. కొత్తిమీర ‘సిలాంట్రో’, ధనియాలు మాత్రం ‘కొరియాండర్’. రెండూ ఒక మొక్కవే అయినా ఆకుకు ఒక పేరు, గింజకు ఒక పేరు. ఉల్లికాడలు ‘గ్రీన్ ఆనియన్స్’ లేదా ‘స్కాలియన్స్’. వేరుశెనగలు ‘పీనట్స్’. ‘డ్రమ్‌స్టిక్’ అని అడిగితే మునగకాడకు బదులు కోడికాలు చేతికిస్తారు, కనుక శాకాహారులైతే ఈ ఒక్క మాట దగ్గర జాగ్రత్త. పెరుగుకు ‘కర్డ్’ అనవద్దు, ‘ప్లెయిన్ యోగర్ట్’ అని అడగండి. ‘ప్లెయిన్’ అనకపోతే పళ్ళరసం, పంచదార కలిపినది వస్తుంది. మైదా ‘ఆల్ పర్పస్ ఫ్లవర్’. బెల్లం, మినప్పప్పు, గోంగూర వంటివి భారతీయుల కొట్లలో మన పేర్లతోనే దొరుకుతాయి.

బిడ్డకు సంబంధించినవి: పురుటి తేదీని ‘డ్యూ డేట్’ అంటారు. పొత్తిగుడ్డ స్థానంలో వాడేది ‘డయపర్’. పాలు తాగిన తరువాత బిడ్డను భుజాన వేసుకుని వీపు నిమిరి త్రేన్పు తెప్పించడాన్ని ‘బర్ప్’ అంటారు. నర్సు ‘డిడ్ యూ బర్ప్ ద బేబీ’ అని అడిగితే ఆ పని చేశారా అని అర్థం. బిడ్డ మంచం ‘క్రిబ్’. ఆసుపత్రిలో ‘ఫస్ట్ ఫ్లోర్’ అంటే మెట్లెక్కకండి. మనం ‘గ్రౌండ్ ఫ్లోర్’ అనేదే అక్కడ ‘ఫస్ట్ ఫ్లోర్’.

పలకరింపుల దగ్గర మన మనసు ఎక్కువ నొచ్చుకుంటుంది, అందుకే కాస్త విపులంగా చెబుతాను. ఎదురైన మనిషి ‘హౌ ఆర్ యూ’ అంటాడు, మీ జవాబు కోసం ఆగకుండా దాటిపోతాడు. అది అగౌరవం కాదు. మన వీధిలో ‘ఏమ్మా, భోజనాలయ్యాయా’ అని అడిగినవారు మన కూరల వివరం కోసం అడగరు కదా, అదీ అంతే. మీరు ‘గుడ్, హౌ ఆర్ యూ’ అంటే సరిపోతుంది. ఎవరింట్లోనైనా కాఫీ ఇవ్వబోతే ‘ఐ యామ్ గుడ్’ అన్న మాట వింటారు. అందులో నేను మంచిదాన్నని చెప్పుకోవడం లేదు, ‘నాకు చాలు, వద్దు’ అని అర్థం. మనలో మొదటిసారి వద్దనడం మర్యాద, ఇంటివారు మళ్ళీ బతిమాలడం ఆనవాయితీ. అక్కడ ఒకసారి వద్దంటే వద్దనే తీసుకుంటారు. కాఫీ కావాలంటే మొదటిసారే ‘యెస్, ప్లీజ్’ అనండి. కొట్టులో డబ్బు చెల్లించాక ‘యూ ఆర్ ఆల్ సెట్’ అంటారు. మీ పని అయిపోయింది, ఇక వెళ్ళవచ్చని.

బయలుదేరేలోగా రోజూ ఒక అరగంట వంటింట్లో ఒక్కొక్క సామానునూ చేత్తో ముట్టుకుని, దాని ఇంగ్లీషు పేరుతో ఒక చిన్న వాక్యం పైకి అనండి. మనసులో అనుకుంటే చాలదు, నోరు తిరగాలి.

ప్రశ్న: మాది కళింగపట్నం దగ్గర ఊరు. మా అన్నయ్య వేరే రాష్ట్రంలో బోటు మీద వేటకు వెళ్తాడు. అక్కడ వాతావరణ హెచ్చరికలు ఇంగ్లీషులో ఫోనుకు వస్తాయి. ‘డిప్రెషన్’ అంటే మనసు కుంగిపోవడమని చదివాను. సముద్రానికి డిప్రెషన్ ఏమిటి?
— ఒక ఇంటర్మీడియట్ విద్యార్థి, గార మండలం

సమాధానం: ‘డిప్రెస్’ అంటే కిందికి నొక్కడం. మనసు కిందికి పోతే ఒక డిప్రెషన్, నేల గుంటపడితే ఒక డిప్రెషన్, గాలి పీడనం పడిపోతే ఇంకొకటి. ఈ మూడింటికీ ఒకే మాట వాడతారు. మీ అన్నయ్యకు ఈ వరసను కాగితం మీద రాసి ఇవ్వండి. ‘లో ప్రెషర్ ఏరియా’ అంటే అల్పపీడనం. అది బలపడి గాలివేగం గంటకు 31 నుంచి 49 కిలోమీటర్లకు చేరితే ‘డిప్రెషన్’, అంటే వాయుగుండం. 50 నుంచి 61 వరకు ‘డీప్ డిప్రెషన్’, తీవ్ర వాయుగుండం. 62 దాటితే ‘సైక్లోనిక్ స్టార్మ్’, తుఫాను. 89 దాటితే దానికి ముందు ‘సివియర్’ అనీ, 118 దాటితే ‘వెరీ సివియర్’ అనీ చేరుస్తారు. ‘లాండ్‌ఫాల్’ అంటే తుఫాను తీరం దాటడం. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర చేసినది అదే. ‘నాట్ టు వెంచర్ ఇన్‌టు ద సీ’ అని ఉంటే వేటకు వెళ్ళవద్దని అర్థం. ఈ ఒక్క వాక్యం మాత్రం చదవగానే తెలిసేటట్టు అన్నయ్యతో పదిసార్లు చదివించండి.

‘సైక్లోన్’ అనే మాటకు పుట్టినిల్లు మన బంగాళాఖాతమే. కలకత్తాలో ఉంటూ ఇక్కడి తుఫానులను పరిశీలించిన హెన్రీ పిడింగ్టన్, గాలి చుట్టలు తిరగడం చూసి, పాము చుట్టను సూచించే గ్రీకు మాట నుంచి ఆ పేరు కల్పించి, నావికుల కోసం 1848లో వేసిన పుస్తకంలో వాడాడు. అట్లాంటిక్ సముద్రంలో దీన్నే ‘హరికేన్’ అనీ, చైనా, జపాను వైపు ‘టైఫూన్’ అనీ అంటారు.

ప్రశ్న: తెలుగు పండితుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. ప్రతి ఇంగ్లీషు జాతీయానికీ సరితూగే తెలుగు పలుకుబడి చూపి పిల్లలకు నేర్పవచ్చునా?
— ఒక విశ్రాంత పండితుడు, బొబ్బిలి

సమాధానం: అయ్యా, చూపవచ్చు, కాని రెండు పలుకుబడులూ ఎక్కడ విడిపోతాయో కూడా చూపాలి. ‘పీస్ ఆఫ్ కేక్’కు ‘నల్లేరు మీద బండి నడక’ చక్కగా సరిపోతుంది. ‘డ్రాప్ ఇన్ ద ఓషన్’కు ‘సముద్రంలో కాకిరెట్ట’ సరిపోతుంది కాని మనదానిలో ఉన్న చులకన ఇంగ్లీషులో లేదు. దాత ఇచ్చిన విరాళాన్ని ఇంగ్లీషులో ‘డ్రాప్’ అనవచ్చు, తెలుగులో కాకిరెట్ట అంటే ఆయన నొచ్చుకుంటారు. ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’కు మనం ‘అమావాస్యకో పున్నానికో’ అంటాం. మన మాట నెలకు రెండు పర్వాలను చెబుతుంది. వాళ్ళది, ఒకే నెలలో రెండో పున్నమి వస్తే దాన్ని ‘బ్లూ మూన్’ అనే లెక్కన, సుమారు రెండున్నర ఏళ్ళకొకసారి వచ్చేదాన్ని చెబుతుంది. ‘కోల్స్ టు న్యూకాజిల్’ అన్నదానికి పిల్లలకు అర్థం చెప్పడం దండగ. ఒకప్పుడు లండన్‌కు ఓడలలో బొగ్గు పంపిన ఊరికే బొగ్గు మోసుకుపోవడమన్న సంగతి చెప్పి, ‘పలాసకు జీడిపప్పు తీసుకెళ్ళినట్టు’ అనండి, చాలు.

నాకు ఎంతో ఇష్టమైన జంట ‘బీట్ అరౌండ్ ద బుష్’, ‘డొంకతిరుగుడు’. అక్కడ వేటగాడి మనుషులు పిట్టలను లేపడానికి పొద చుట్టూ కొడతారే తప్ప పిట్టను పట్టరు. మన డొంకకు గుబురుపొద అనీ, పొదల మధ్య బళ్ళు పోయే దారి అనీ రెండర్థాలూ ఉన్నాయి. ఎవరి దగ్గర ఎవరూ అప్పు తెచ్చుకోకుండానే, అసలు సంగతికి రాని మనిషిని రెండు జాతులవారూ పొద చుట్టూనే తిప్పారు. ఇటువంటివి మీరు తరగతిలో చెబితే పిల్లలు రెండు భాషలనూ ప్రేమిస్తారు.

ప్రశ్న: ‘జూ’ అని బాగానే పలుకుతాను, ‘జీరో’ దగ్గర మాత్రం అందరూ దిద్దుతున్నారు. ఎందుకు?
— ఒక బ్యాంకు ఉద్యోగి, నరసన్నపేట

సమాధానం: తెలుగులో ‘జ’కు రెండు పలుకులున్నాయి. ‘జడ’, ‘జున్ను’లలో నాలుక పళ్ళకు దగ్గరగా ఉంటుంది, ‘జిల్లేడు’, ‘జీడి’లలో అంగిలికి తగులుతుంది. ‘ఇ’, ‘ఎ’ల ముందు మనకు తెలియకుండానే రెండోది వస్తుంది. అందుకే ‘జూ’ ఇంగ్లీషు పలుకుకు దగ్గరగా పడుతుంది, ‘జీరో’ పడదు. ‘జున్ను’లోని మొదటి ధ్వనిని పట్టుకుని, నాలుకను ఎక్కడా తగలనీయకుండా, తుమ్మెద రొదలా సాగదీసి, అక్కడి నుంచి ‘ఈరో’లోకి వెళ్ళండి. పదిరోజుల సాధన చాలు.

ప్రశ్న: మందస మండలంలో కొండ దగ్గరి ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. నా పిల్లలకు ఇంట్లో సవర, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. తెలుగే పూర్తిగా రాని పిల్లలకు ఇంగ్లీషు మాటలు ఎలా చెప్పాలో తోచడం లేదు. సవర మాట్లాడవద్దని కట్టడి చేయమని కొందరు అంటున్నారు.
— ఒక ఉపాధ్యాయిని, మందస

సమాధానం: అమ్మా, ఆ కట్టడి చేయకండి. మీ బడికి ఎంతో దూరం లేని శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ, తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లోనే పెట్టుకుని సవర నేర్చుకున్నారు. అప్పటికి ఆ భాషకు పుస్తకమన్నది లేదు. విన్న మాటను విన్నట్టు రాసుకోవడమొక్కటే దారి. అలా రాసుకున్నదాని నుంచే 1931లో ఇంగ్లీషులో సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. 1907లో మన ప్రాంతపు బడుల తనిఖీకి వచ్చిన యేట్స్ దొర, ప్రజలు మాట్లాడే తెలుగు వేరుగా, పుస్తకంలోని తెలుగు వేరుగా ఉండడమేమిటని అడిగినప్పుడు గిడుగువారు ఆలోచనలో పడి, వ్యావహారిక భాష కోసం నిలబడ్డారు. పిల్లవాడి నోట ఉన్న భాషనుంచే చదువు మొదలవ్వాలన్న మాటకు మన జిల్లాలో ఇంత పాత దారి ఉంది.

సవర, ముండా కుటుంబపు భాష; తెలుగు ద్రావిడ భాష. ఆరేళ్ళ పిల్ల ఈ రెండింటి మధ్య రోజూ రాకపోకలు సాగిస్తోందంటే, మూడో భాష నేర్వగల శక్తి ఆమెకు లేదని ఎలా అంటాం? మీరు చేయగలిగింది ఇది. ‘స్టాండ్ అప్’, ‘కమ్ హియర్’, ‘ఓపెన్ ద డోర్’, ‘వాష్ యువర్ హాండ్స్’ వంటి పది ఆజ్ఞలతో మొదలుపెట్టి, తెలుగు అర్థం చెప్పకుండా, మీరు చేసి చూపి, వాళ్ళ చేత చేయించండి. తలుపు తెరిచిన పిల్లకు ‘ఓపెన్’ అంటే ఏమిటో ఇంకెవరూ చెప్పనక్కరలేదు. రెండు వారాల తరువాత పిల్లలే ఒకరికొకరు ఆ ఆజ్ఞలు ఇచ్చుకునేటట్టు చూడండి.

దానితోపాటు ఒక పెద్ద నోటుపుస్తకం పెట్టి, ప్రతి పేజీలో మూడు గళ్ళు గీయండి. మొదటి గడిలో పిల్ల చెప్పిన సవర మాటను తెలుగు అక్షరాలలో, రెండో గడిలో తెలుగు మాట, మూడో గడిలో ఇంగ్లీషు మాట. అందులోకి పుస్తకంలోని యాపిలునూ, ఇగ్లూనూ తీసుకురాకండి. ఏరు, చీపురు, అనాస, పనస, జీడిచెట్టు, మేక, వాన, కొండ, ఇంటి అరుగు రాయండి. సవర గడి నింపేటప్పుడు మీకు తెలియదు కనుక మీరు అడగాలి, పిల్లలు చెప్పాలి. ఆ కాసేపు వాళ్ళు మీకు గురువులవుతారు. ఒక ఏడాదికి రెండు వందల మాటలు పోగైతే చాలా ఎక్కువ. మొదటి పది పేజీలు నిండాక వాటి నకలు నాకు పంపండి. సవర గడిలోని మాటల పలుకు గురించి మీకేదైనా సందేహం వస్తే, గిడుగువారి నిఘంటువు తెరిచి చూసి జవాబు రాస్తాను.